కాసాబ్లాంకా రేవులో గున్నయ్య

కారు ఆపి డ్రైవరు దిగాడు. గున్నయ్య సంచీని తీసి గోడవార ఉన్న సిమెంటు దిమ్మ మీద పెట్టాడు. తన చేతి గడియారాన్ని రెండు వేళ్లతో తట్టి, "ఇండియా, వెయిట్" అని వెళ్లిపోయాడు. కారు ఎర్రటి బుల్లి టాక్సీల మందలో దూరి కనబడకుండా పోయింది. గున్నయ్య దిమ్మ మీద కూర్చోలేదు. కూర్చుంటే ఎవరైనా వచ్చి లెమ్మంటారేమోనని భయం, నిలబడితే ఎందుకు నిలబడ్డావంటారేమోనని భయం, ఏది అడిగినా చెప్పడానికి తన నోట్లో ఉన్న భాష ఈ ఊళ్లో చెల్లదు. అందుకని సగం కూర్చున్నట్టు, సగం లేచినట్టు, వీపు గోడకి ఆనించి, బనియను లోపల కూతురు కుట్టిపెట్టిన జేబులో పాస్‌పోర్టు ఉందా లేదా అని అరచేత్తో ఒత్తి చూసుకుంటూ ఉన్నాడు. ఉంది. మళ్లీ ఒత్తాడు, ఉంది. ఎదురుగా పెద్ద ఇనపగేటు, దాని పక్కన తుపాకీ తగిలించుకున్న మనిషి, గేటు మీద రెండు రకాల రాతలు, ఒకటి పాకే పురుగుల్లా కుడి నుంచి ఎడమకి పోయేది, ఇంకోటి ఇంగ్లీషులా ఉండి ఇంగ్లీషు కానిది. మూడో తరగతి దాకా చదివిన చదువు పలాస బస్‌స్టాండులో బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని టెక్కలి అనో కవిటి అనో తేల్చుకోవడానికి సరిపోయింది గానీ, ఇక్కడ ఏ గీత మీద కన్ను పెట్టినా జారిపోతోంది. ఒక్క అంకె మాత్రం దొరికింది. నాలుగు. గేటు మీద తెల్లరంగుతో రాసిన నాలుగు. దాన్నే పట్టుకుని నిలబడ్డాడు, నీళ్లలో మనిషి వెదురుగడ పట్టుకున్నట్టు.

నాలుగో గేటు దగ్గరికి లోకనాథ్ అనే ఆయన వస్తాడు, మీ ఢిల్లేశ్వరరావుతో పాటు అదే ఓడలో పని చేస్తాడు, మీవైపు బారువ ఊరాయనే, ఆయన నిన్ను ఆసుపత్రికి తీసుకుపోతాడు, ఏడున్నరకి డాక్టరు వచ్చేసరికి నువ్వక్కడ ఉండాలి, కాగితం మీద ఒక సంతకం పెట్టాలి, అంతకుమించి నీకు పనేమీ లేదు. బొంబాయిలో కంపెనీ గుమస్తా చెప్పిన ఈ మాటలని విమానంలో మూడు వందల సార్లు లోపల తిప్పుకున్నాడు, పాఠం మరిచిపోతే బెత్తం పడుతుందన్నట్టు. సంతకం దేనికంటే, ఢిల్లేశ్వరరావు, ఇంట్లో ఢిల్లీ, నా మేనల్లుడు, నా అల్లుడు కూడా, వాడికి జబ్బు నయమయింది, వాడి ఇష్టం మీదే మళ్లీ ఓడెక్కుతున్నాడు, మావాళ్లకి కంపెనీ మీద ఏ ఫిర్యాదూ లేదు అని. ఓడ రేపు పొద్దున కదులుతుంది. గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. అది ఇంటి టైము, మార్చడం చేతకాలేదు, మార్చాలనీ అనిపించలేదు. చేతి మీద అర్ధరాత్రి, కళ్ల ముందు ఎండ. కూతురు రాజకుమారి ఈపాటికి చాప మీద ఒక పక్కకి ఒత్తిగిలి, ఏడో నెల కడుపు కింద తలగడ పెట్టుకుని పడుకుని ఉంటుంది, పడుకుందో, కళ్లు తెరుచుకునే ఉందో.

బయలుదేరిన రోజున పలాస స్టేషన్లో ఆ పిల్ల అన్నది, "అయ్యా, ఆడికెళ్లి మూగోడిలాగ కూకోకు. నువ్వు అడగనేదనుకో, నీకు ఎవులూ ఏటీ సెప్పరు. మాటాడు." గున్నయ్య తలూపాడు. "తలూపకు, మాటాడమంటన్నాను" అంది, అప్పుడు పక్కనున్న నలుగురూ నవ్వారు, తనూ నవ్వింది, నవ్వుతూనే కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. ఊరంతటికీ అదే ఆశ్చర్యం, గున్నయ్య వెళ్తాననడం. ఢిల్లీ ఓడ మీద తెలివి తప్పి పడిపోయాడు, ఇంటివాళ్లు ఒకరు రావాలి, టిక్కెట్టు మేమే ఇస్తాం అని కంపెనీ ఫోను వచ్చినప్పుడు కంచిలిలోని ఫోను కొట్టు దగ్గర ఎంతమంది పోగయ్యారు, సర్పంచి తమ్ముడు నేను వెళ్తానన్నాడు, దుబాయి వెళ్లొచ్చిన సీతారాం నాకైతే అలవాటన్నాడు, వాళ్ల మధ్యనించి "నానెల్తాను" అన్న గొంతు ఎవరిదో అని అందరూ వెనక్కి తిరిగి చూశారు. పెళ్లిళ్లలో గున్నయ్యని కొబ్బరికాయలు ఒలిచేచోట కూర్చోబెడతారు, అక్కడ మాట్లాడాల్సిన పని ఉండదని. తగాదాల్లో సాక్షిగా పిలవరు. రెండుసార్లు అడిగినా వెనక్కి తగ్గకపోయేసరికి, మేనల్లుడి మీద ప్రేమరా ఆ ముసలాడికి అనుకున్నారు. ప్రేమే. ప్రేమ కాదని కాదు. కానీ ఇంకెవరు వెళ్లినా అక్కడి డాక్టరు ఏమైనా అడిగితే, ఇంకెవరి దగ్గరా జవాబు లేదు.

గోడ తెల్లగా ఉంది. గోడ వెనక మేడలు తెల్లగా ఉన్నాయి, సున్నం కొట్టి అప్పుడే ఎండబెట్టినట్టు, ఎక్కడా నీడ లేనంత తెలుపు. మనుషులు పొడుగాటి గౌన్లు తొడుక్కుని, నెత్తి మీదికి మొనదేలిన ముసుగు లాక్కుని పోతున్నారు. వానలో గోనెసంచి ఒక మూలని లోపలికి మడిచి నెత్తిన వేసుకుని పొలం గట్టున పోయే మనుషులు గుర్తొచ్చి ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది, ముసుగులోని ముఖం ఇటు తిరిగేసరికి మళ్లీ జారింది. పిల్లులు, ఎన్ని పిల్లులో, చేపల బుట్టల వెంట, టాక్సీల కింద, తన సంచీ వాసన చూసిపోయిన ఒకటి. ఆకాశంలో తెల్లటి పెద్ద పిట్టలు చంటిపిల్లలు ఏడ్చినట్టు అరుస్తున్నాయి. రోడ్డు మధ్యన వరుసగా చెట్లు. కొబ్బరిచెట్లే అనుకుని గుండె ఒక్కసారి గెంతింది, అలవాటు కొద్దీ కన్ను కాండం వెంబడి పైకి పాకింది, గెల కోసం వెతికింది. కాయ లేదు. రెండో చెట్టుకీ లేదు. పదో చెట్టుకీ లేదు. ఏవో వేరే చెట్లు, చూపుకి మాత్రం మనవి. తుపాను వెళ్లిన మర్నాడు ఇలాగే నిలబడి చూశాడు, తొంభై తొమ్మిదిలో, తన తోటలో నూట నలభై చెట్లకి తలలు లేవు, మొండేలు మాత్రం వరసలో ఉన్నాయి, నాటినవాడి శ్రద్ధ కనబడేలా. అప్పుడు చెల్లెలు పెద్దతల్లి, ఢిల్లీ తల్లి, బతికే ఉంది, గట్టు మీద నిలబడి, "అన్నా, చెట్లు పోతే పోనాయి, మనం ఉన్నాం కదా" అంది. మూడేళ్లకి అదీ పోయింది.

ఊళ్లో మనిషి వయసు అడగరు, అంకె అడుగుతారు. నీదెంత అంటే నీ రక్తం పరీక్షలో కిడ్నీల సంగతి చెప్పే క్రియాటిన్ ఎంత అని. అక్షరం ముక్క రాని ముసలమ్మకి కూడా వచ్చిన మాట అది. ఒకటి లోపల ఉంటే మంచిది, ఒకటిన్నర దాటితే మాట తగ్గించి చెబుతారు, మూడు దాటితే ఆ ఇంటి పిల్లకి సంబంధం రాదు, ఏడు దాటితే విశాఖపట్నం, విశాఖపట్నం నించి అంబులెన్సు. పెద్దతల్లి అంకె మొదటిసారి చూసినప్పుడే ఆరు. కాళ్లు పొంగితే ఉప్పు ఎక్కువయిందనుకున్నారు. నీళ్లు, నీళ్లే అని కొందరు, ఎరువులని కొందరు, ఎండలో నీళ్లు తాగకుండా పని చెయ్యడమని ఒక డాక్టరు, ఎవరికి తోచింది వారు చెప్పి జీపులెక్కి పోయారు. చచ్చిపోయే ముందు నీళ్లు అడిగేది, ఇవ్వకూడదన్నారు, చెంచాతో లెక్కపెట్టి ఇచ్చేవాడు గున్నయ్య, నాలుక మీద తడి ఆరకముందే మళ్లీ అతని చెయ్యి పట్టుకునేది. "నా గుంటడిని సూసుకో" అనలేదు. అలాంటివేమీ అనలేదు. నీళ్లు మాత్రమే అడిగింది. ఆ గుంటడికే రాజకుమారినిచ్చాడు, అడగకముందే.

ఇప్పుడు తనకి దాహంగా ఉంది. రోడ్డుకి ఆ పక్కన టీకొట్టు, ఆకులేవో గుప్పెడు గ్లాసులో కుక్కి పైనుంచి వేడినీళ్లు పోస్తున్నాడు ఒక ముసలాయన, తన ఈడువాడే, ఇందాకటి నుంచి ఇటే చూస్తున్నాడు. విమానం మారేటప్పుడు దుబాయిలో తెచ్చుకున్న సీసాలో ఒక గుక్క మిగిలింది. తాగితే అయిపోతుంది. అయిపోయాక ఈ ఊరి నీళ్లు తాగాలి, ఆ నీళ్లు ఎలాంటివో, ఊళ్లో అరవైయ్యేళ్లు తాగిన నీళ్లనే నమ్మలేక చచ్చాం. ముసలాయన గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి వస్తున్నాడు. నా దగ్గరికే. ఏమడుగుతాడు, డబ్బులా, వెళ్లిపోమంటాడా. గ్లాసు దిమ్మ మీద పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఏదో అని, వెళ్లిపోయాడు. గ్లాసులోంచి ఆవిరి, పచ్చి ఆకు వాసన. గున్నయ్య దాన్ని ముట్టుకోలేదు. తాగకపోతే తప్పు పడతాడేమో, తాగితే ఏమవుతుందో. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని గ్లాసు వంక చూస్తూ ఉంటే ఆవిరి సన్నబడి ఆగిపోయింది.

సముద్రం ఎటుందో చెవికి తెలుస్తోంది గానీ మనసుకి ఎక్కడం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సముద్రం తూర్పునే, పొద్దు దాంట్లోంచే లేస్తుంది, కళ్లు మూసుకున్నా ఒంటికి తెలుస్తుంది ముఖం ఎటు వీపు ఎటు అని. ఇక్కడ పొద్దు సముద్రం వైపుకి వాలుతోంది. పెద్ద గోపురం ఒకటి, ఎంత ఎత్తో, మసీదంట, నీళ్ల ఒడ్డునే కట్టారు, దాని పక్కనుంచి పొద్దు కిందికి దిగుతోంది, ఇంకాసేపటికి నీళ్లలో పడిపోతుంది. పొద్దు సముద్రంలో మునగడం ఈ కళ్లతో ఇంతవరకు చూడలేదు. చూడకూడనిది చూస్తున్నట్టు ఒళ్లు జలదరించింది. ఈ నీళ్ల మీదే వాడిని రేపు పంపిస్తారు. గోపురంలోంచి పిలుపు వినబడింది, కాశీబుగ్గలో తెల్లవారుజామున బస్సు కోసం నిలబడ్డప్పుడు వినే పిలుపే, అదే దీర్ఘం. ఈ ఊళ్లో తెలిసిన గొంతు ఇదొక్కటే. అది ఆగిపోయాక ఇందాకటి కంటే ఒంటరిగా అనిపించింది.

ఐదు నెలల కింద. పుష్యమాసం, విశాఖపట్నంలో ఆ పరీక్షల గది, తెల్లటి దీపాలు, కుర్చీల్లో ఓడ ఉద్యోగాల కోసం వచ్చిన కుర్రాళ్లు డెబ్భై మంది. అంతకు ముందు రోజున పలాస బస్‌స్టాండు దగ్గర టీ తాగుతూ ఢిల్లీ అడిగాడు, "మావా, నీదెంత?" "తొమ్మిది" అన్నాడు గున్నయ్య, అంటే సున్నా పాయింటు తొమ్మిది, ఊళ్లో అంత మంచి అంకె ముగ్గురికో నలుగురికో ఉంది. ఢిల్లీ గ్లాసులోకి చూశాడు. వాడిది సోంపేటలో రహస్యంగా చూపించుకున్నది, రెండు పాయింటు నాలుగు, ఆ చీటీని గున్నయ్య ఒక్కడికి చూపించి, రాజకుమారికి తెలియకుండా చింపేశాడు. గున్నయ్య ఏమీ అడగలేదు, వాడు ఏమీ చెప్పలేదు. ఇద్దరూ టీ తాగి బస్సెక్కారు. ఒప్పందం అయిపోయింది. ఆ గదిలో "ఢిల్లేశ్వరరావు" అని పిలిచినప్పుడు లేచింది గున్నయ్య. సూది వేసేవాడు తల ఎత్తలేదు, చెయ్యి మాత్రమే చూశాడు. ఎండకి మాడిన చెయ్యి, కాయలు కాసిన చెయ్యి, ఇరవై ఏడేళ్లవాడిదైనా అరవైయ్యేళ్లవాడిదైనా ఒకటే. రక్తం తియ్యగానే దూది పెట్టి మోచెయ్యి మడిచి బయటికొచ్చాడు. మెట్ల మీద ఢిల్లీ నిలబడున్నాడు, మావ మడిచిన చెయ్యి చూసి కాళ్లకి దండం పెట్టబోతే, "ఛీ, లే" అన్నాడు. ఎంత సంతోషం ఆ వేళ. ఏదో దొంగతనం చేసినట్టు కూడా అనిపించలేదు. అందరూ చేసేదే, సంబంధం చూసుకునేటప్పుడు అన్న రక్తం తమ్ముడి పేరు మీద పంపినవాళ్లు లేరా, అంకె బాగున్న చీటీ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి దీపం పెట్టినట్టే. కాగితాన్ని మోసం చేశాం అనుకున్నాడు. కంపెనీని చేశాం అనుకున్నాడు. సముద్రాలకి అవతల ఒక డాక్టరు ఆ కాగితాన్ని చేతపట్టుకుని వాడి ప్రాణాన్ని అంచనా కడతారని తట్టలేదు. తట్టలేదా. ఒక రాత్రి తట్టింది, పక్కకి తోసేశాడు.

బొంబాయిలో ఫోను కలిపిచ్చారు. ఢిల్లీ గొంతు, నీళ్లలోంచి వచ్చినట్టు. "మావా, నాను బాగున్నాను, తెలివొచ్చీసినాది, నడుత్తన్నాను. ఓడెక్కీత్తాను. తొమ్మిది నెలల కాంట్రాక్టు అవగొట్టీసి ఒచ్చీత్తాను, ఇంతలో పిల్లో పిలగాడో పుట్టీత్తాది. నువ్వొచ్చి సంతకం ఎట్టీ. మావా, ఆ మాట మాత్రం..." "ఊఁ" అన్నాడు గున్నయ్య. "నీ నోట్లోంచి రాదని నాకు తెల్సు మావా. ఇంకెవులైనా అయితే బయమేసీది." ఫోను పెట్టేశారు. ఆ మాట అప్పటి నుంచి గొంతులో ముల్లులా ఉంది. వాడు ధైర్యంగా ఉన్నది తన మూగతనం మీద. చెబితే ఏమవుతుంది. కంపెనీ వాణ్ని ఇక్కడే దింపేస్తుంది, ఆసుపత్రికి కట్టనంటుంది, దొంగ కాగితమని పోలీసుకి చెబుతుంది, తుపాకీ మనిషి అక్కడే ఉన్నాడు, ఇద్దరినీ పట్టుకుంటే ఏ భాషలో ఏడవాలి. చెప్పకపోతే. చెప్పకపోతే ఏమీ కాదు, సంతకం పెట్టి, గున్నయ్య అని ఆరు నిమిషాలు పట్టే సంతకం పెట్టి, ఇంటికి పోతాడు. ఆ తరవాత ఒక రోజు కంచిలికి ఫోను వస్తుంది.

గేటు తెరిచారు. లారీలు వరసగా బయటికొస్తున్నాయి, ఖాళీవి, పైన కప్పిన పట్టాల అంచుల నుంచి తెల్లటి పొడి రాలుతోంది. గాలికి అది వచ్చి గున్నయ్య చొక్కా మీద, చల్లారిపోయిన గ్లాసులో పడింది. వేలితో రాసి చూశాడు. ఈ మెత్తదనం ఎక్కడో తెలుసు.

"అది మన్నే బాబాయ్. దీన్నే మనం పట్టుకెళ్లి సూపరు ఎరువు సేత్తాం, కొబ్బరిసెట్లకి ఏత్తారు కదా. ఓడలో మేం నింపింది కూడా అదే." తెలుగు. తెలుగు మాట. గున్నయ్య గబుక్కున తల ఎత్తాడు. నలభై ఏళ్ల మనిషి, నీలం చొక్కా, చేతుల నిండా గ్రీజు. "నువ్వేనా గున్నయ్యవి? నాను లోకనాథ్‌ని. మాది బారువ. ఏటిలాగ గోడకి అంటుకుపోనావు? కూకోడానికే కదా ఆ దిమ్మేసినారు." గ్లాసు చూసి నవ్వాడు. "టీ ఇచ్చినాడా ముసిలోడు? తాగనేదేటి? ఈలు మంచోలు బాబాయ్, పంచదార మాత్రం గుప్పుడేసి ఏత్తారు."

"ఎలాగున్నాడు?" అన్నాడు గున్నయ్య. గొంతు రెండు రోజులు వాడకపోవడం వల్ల బొంగురుపోయింది.

"లేచి కూకుంటన్నాడు. ఓడ మీద పడిపోనాడు కదా, మొకం ఇంత పొంగిపోనాది. ఈలు రోజు విడిసి రోజు మిషను మీద ఏసి రగతం కడిగినారు, పొంగు దిగిపోనాది." నడుస్తూ నడుస్తూ లోకనాథ్ గొంతు తగ్గించాడు, ఇక్కడ ఎవరికీ తెలుగు రాదని మరిచిపోయి. "అదురుష్టమంతుడు బాబాయ్. నాను ముందల మనూరోల జబ్బే అనుకున్నాను, గుండె గుబేలుమన్నాది. కాదన్నారు. డాక్టరమ్మకి ఆడి మెడికల్ కాయితం సూపించినాం. ఐదు నెలల కిందట పాయింటు తొమ్మిది! మనోళ్లలో పాయింటు తొమ్మిది ఎవులికుంటాదేటి? అది సూసే ఆవిడ ధైర్నం సెప్పినాది. ఎండకో, ఒంటినొప్పి బిళ్లలు మింగీడానికో ఒక్కపాలి ఒచ్చినాది, ఒక్కపాలే పోద్దంట."

గున్నయ్య కాళ్లు నడుస్తున్నాయి. గోడ వెంట, పిల్లుల్ని తప్పించుకుంటూ, చేపలు వేగుతున్న పెనాల పక్కనుంచి, ముసుగు మనుషుల మధ్యనుంచి. ఆ అంకె నాదే, నాదే, నా రక్తంలోది, దాన్ని చూసి ఆవిడ ధైర్యం చెప్పింది. పక్కనున్న చెయ్యి ఎవరిదో అయినట్టు మోచేతి మడత దగ్గర చురుక్కుమంది. "ఓడ పారాదీపు రేవుకి సేరడానికి ఎన్నాళ్లు?" అని అడిగాడు.

"ఇరవైరెండు రోజులు. గాలి బాగుంటే ఇరవై."

"ఆ మిషను ఓడ మీద ఉంటాదా?"

లోకనాథ్ నవ్వాడు. "ఓడ మీదా? జొరం బిళ్లలుంటాయి బాబాయ్. ఇంకోటి, అయోడిన్ సీసా ఉంటాది." నవ్వి నవ్వి ఆగాడు. "మరెందుకు? నయమైపోనాది కదా."

ఇరవైరెండు రోజులు నేల కనబడదు. చెంచాతో లెక్కపెట్టి నీళ్లు పోసేవాడు కూడా ఉండడు. చుట్టూ నీళ్లు. పెద్దతల్లి చెయ్యి తన మణికట్టుని పట్టుకున్న పట్టు, అంత సన్నటి వేళ్లకి అంత పట్టు ఎక్కణ్నుంచి వచ్చిందో. సంతకం పెట్టేస్తాను, వాడు అడిగాడు, వాడి బతుకు వాడిది, మొగుడు పని పోగొట్టుకుని వస్తే రాజకుమారి నా మొహం చూస్తుందా. చూడకపోయినా. వాడు మళ్లీ నన్ను మావా అని పిలుస్తాడా. మలుపు తిరిగారు, మెట్లెక్కారు, మందుల వాసన.

చిన్న ఆసుపత్రి, పది మంచాలు. ఢిల్లీ మంచం అంచున కూర్చుని ఉన్నాడు, తల దువ్వుకున్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, కాళ్లకి ఓడ బూట్లు కట్టేసుకున్నాడు, సంచీ ఒళ్లో ఉంది. ముఖం బూడిద రంగు. ఆ రంగు గున్నయ్యకి తెలుసు, వాళ్లమ్మ ముఖం మీద చూశాడు. "మావా! ఒచ్చినావా! బేగి రా, కూకో" అన్నాడు వాడు, నవ్వాడు, కళ్లు మాత్రం మావ నోటి మీదే పెట్టాడు. డాక్టరు అప్పటికే అక్కడుంది, తలకి గుడ్డ కట్టుకున్న సన్నటావిడ, చేతిలో రెండు కాగితాలు, ఒకటి గున్నయ్య ఎరిగినది, విశాఖపట్నం ముద్ర ఉన్నది, రెండోది నల్లటి ఫొటో. ఆవిడ గున్నయ్యకి తలవంచి, లోకనాథ్‌తో మాట్లాడడం మొదలుపెట్టింది. గడగడా పోతున్న ఆ పరాయిమాటల్లో ఒక్కటి తటాలున చెవికి తగిలింది. క్రియాటినిన్. ఆ మాట ఇక్కడా అదే.

"ఏటో అనుమానంగా ఉందంట బాబాయ్" అన్నాడు లోకనాథ్. "ఫొటోలో కిడ్నీలు సిన్నయిపోయి ఉన్నాయంట, పాతజబ్బులా కనబడతన్నాదంట. ఈ కాయితం సూత్తే ఏ జబ్బూ నేదంటన్నాది. రెండూ కలవడం నేదు, అందికే నీకోసం ఆగినాదంట. ఇంట్లో ఎవులికైనా ఈ జబ్బుందా అని అడుగుతున్నాది."

"నేదని సెప్పు మావా" అన్నాడు ఢిల్లీ, మెల్లగా, నవ్వు అలాగే ఉంచి.

గది చిన్నదైపోయింది. కిటికీలో కాయల్లేని చెట్టు ఒకటి నల్లబడుతోంది. ఇంకొక్క ఊపిరి ఆగితే సరిపోతుంది, మాట్లాడకుండా ఉండడం తనకి వచ్చిన పనే, అరవైయ్యేళ్లుగా చేస్తున్న పనే.

"ఉంది" అన్నాడు గున్నయ్య. "ఆడి తల్లికి. దాంతోనే పోనాది."

లోకనాథ్ ఢిల్లీ వైపు చూశాడు. "మావకి మతి పోనాది. ఇమానం పడనేదు" అన్నాడు ఢిల్లీ. "నువ్వు ఇంగిలీసులో నేదని సెప్పీ, లోకనాథన్నా. నీకు దండమెడతాను."

"ఆ కాయితమ్మీదున్న రగతం ఆడిది కాదు" అన్నాడు గున్నయ్య. "నాది."

లోకనాథ్ అడ్డం వచ్చాడు. "ఏటంటన్నావో తెల్సా బాబాయ్? ఇది నాను సెప్పనేను. ఇది సెబితే ఆడి పని... నా పని కూడా..." డాక్టరమ్మ ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూస్తోంది. గున్నయ్యే ముందుకెళ్లి ఆవిడ చేతిలోని కాగితం మీద, ఆ సున్నా పక్కన చుక్క పక్కన తొమ్మిది మీద వేలు పెట్టాడు, ఈ ఊళ్లో తను చదవగలిగింది ఆ అంకెలే. ఆ తరవాత చొక్కా చేతిని పైకి లాగి, మోచేతి మడత మీద అదే వేలు పెట్టి చూపించాడు. కాగితం. చెయ్యి. కాగితం. చెయ్యి. ఆవిడ కాగితం వంక చూసింది, ఆ చేతి వంక చూసింది, ఢిల్లీ వంక చాలాసేపు చూసింది. ఒళ్లోని సంచీని రెండు చేతులతో పట్టుకుని వాడు గోడ వైపు తిరిగిపోయాడు.

అప్పుడు గున్నయ్యకి మాటలు వచ్చాయి. ఎక్కడ దాగున్నాయో, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వచ్చాయి. పుష్యమాసంలో శుక్రవారం పూట అని, ఎడమ చెయ్యి అని, సూది వేసినవాడు తల ఎత్తలేదని, సోంపేట చీటీలో రెండు పాయింటు నాలుగని, పెద్దతల్లికి మొదట పాదాలు పొంగాయని, తరవాత కళ్ల కింద అని, రాజకుమారికి ఏడో నెలని, ఓడలో అయోడిన్ సీసా తప్ప ఏమీ లేదని, ఈ గుంటడి తప్పేమీ లేదు, లేచింది నాను, పిలిస్తే లేచింది నాను, పోలీసుకి చెబితే నన్ను పట్టుకోమని, వీణ్ని మాత్రం ఆ నీళ్ల మీదికి పంపొద్దని.

"ఆగు బాబాయ్, ఆగు" అంటున్నాడు లోకనాథ్, కళ్లు తుడుచుకుంటూ. "ఆవిడికి సెప్పనియ్యి. ఒక్కొక్కటీ సెప్పు."

ఆగడానికి ధైర్యం చాలలేదు. ఆగితే గదిలో నిశ్శబ్దం అవుతుంది, నిశ్శబ్దంలో ఆ గోడ వైపు నుంచి వాడేమంటాడో వినాలి. అందుకని చెప్పిందే మళ్లీ మొదలుపెట్టాడు, శుక్రవారం, ఎడమ చెయ్యి. మంచం కిర్రుమంది. ఢిల్లీ కిందికి వంగాడు. ఒక బూటు తాడు విప్పి, ఆగి, రెండో బూటు తాడు విప్పుతున్నాడు. గున్నయ్య అటు చూడకుండా చెబుతూనే ఉన్నాడు.